డైట్ చార్టులో మన కంచం ఎక్కడ?



వాడ ఆరోగ్యం మీద రాస్తున్న ఈ వరుసలో రక్తహీనత అయింది, షుగర్ అయింది. ఇప్పుడు కిడ్నీ. పోస్టు పెద్దదే. ఇంట్లో షుగరో బీపీయో ఉన్న మనిషి ఉంటే, ఎండలో కూలికి పోయే మనిషి ఉంటే ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదువు రాని పెద్దవాళ్ళకి చదివి వినిపించండి.

ముందు నా మాట చెప్పేస్తా. కిడ్నీ పాడైన మనవాళ్ళ చేతికి ఆసుపత్రిలో ఇచ్చే ఆహారం కాగితం మన కంచం చూసి రాసింది కాదు. ఎవరి వంటింటినో చూసి రాసి, జిరాక్స్ తీసి, అందరికీ పంచుతున్నారు. దీన్ని నేను అవమానం అని మాత్రమే అనడం లేదు. అవమానాలు మనకి అలవాటే. ఈ కాగితం వల్ల మనుషులు కండ కరిగి చచ్చిపోతున్నారు అంటున్నా.

ఆ కాగితం మీరు చూసే ఉంటారు. ఎక్కువసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. పొద్దున ఓట్స్ లేదా ఇడ్లీ. పదకొండింటికి ఒక యాపిల్. మధ్యాహ్నం రెండు పుల్కాలు, ఒక కప్పు అన్నం, బీరకాయ కూర. సాయంత్రం మారీ బిస్కెట్లు రెండు. కింద ఎర్ర అక్షరాల్లో "మానవలసినవి": మాంసం, చేపలు, గుడ్లు, పప్పులు. పదకొండింటికి యాపిల్ తినే మనిషి ఎవరో నాకు తెలియదు. మన ఆడవాళ్ళు పదకొండింటికి మిరప చేలో ఉంటారు.

ఈ కాగితం సంగతికి మళ్ళీ వస్తా. అంతకంటే ముందు, అసలు కిడ్నీ పాడవుతోందని ఎలా తెలుస్తుంది?

తెలియదు. అదే దీనితో వచ్చిన చిక్కు. గుండె అయితే నొప్పి పెట్టి చెప్తుంది. కడుపు మండి చెప్తుంది. కిడ్నీ సగానికి పైగా చెడిపోయినా మనిషి మామూలుగా నాట్లు వేస్తూనే ఉంటాడు. లక్షణాలు బయటపడేసరికి చాలామందికి పదో ఇరవయ్యో శాతం పని మిగిలి ఉంటుంది. అయినా కొన్ని గుర్తులు చెప్తా, పెట్టుకోండి. పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పు పట్టకపోవడం, వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోవడం. మూత్రంలో సబ్బు నురగలాంటి నురగ, ఎంతసేపటికీ పోకపోవడం. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం. అన్నం వాసనకే వికారం, నోట్లో ఇనుప రుచి. ఒళ్ళంతా దురద. నాలుగు అడుగులేస్తే ఆయాసం. ముఖం పాలిపోవడం.

చివరిదాని గురించి ఒక్క మాట. రక్తం తయారు కావడానికి ఒక హార్మోన్ కావాలి, అది కిడ్నీలోనే పుడుతుంది. కిడ్నీ చెడితే రక్తం తగ్గుతుంది. రక్తహీనత పోస్టులో ఐరన్ మాత్రల గురించి రాశాను కదా. ఎన్ని నెలలు ఐరన్ మింగినా హిమోగ్లోబిన్ లేవని మనిషి ఉంటే కిడ్నీ పరీక్ష కూడా చేయించండి. "మన వాడలో ఆడవాళ్ళకి రక్తం తక్కువ ఉండటం మామూలే" అని వదిలేస్తారు. ఆ మామూలు వెనక ఏముందో చూడాలి.

పరీక్షలు రెండు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. రెండూ కలిపినా కొన్ని వందల రూపాయల పని, ప్రభుత్వాసుపత్రిలో అయితే ఊరికే చేస్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఏడాదికి ఒకసారి తప్పనిసరిగా చేయించుకోవాలి. క్రియాటినిన్ బట్టి, వయసు బట్టి, ఆడా మగా బట్టి లెక్క కట్టే నంబరు ఒకటుంది, ఈజీఎఫ్ఆర్ అంటారు. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టు. 15 కంటే కిందికి పడితే అయిదో దశ, డయాలసిస్ గురించి మాట్లాడుకోవాల్సిన దశ.

ఇక్కడ మనవాళ్ళు మోసపోయే చోటు ఒకటుంది. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. కండ ఉన్న మనిషికి ఎక్కువ, బక్కచిక్కిన మనిషికి తక్కువ. నలభై కేజీల కూలీ తల్లికి 1.2 వస్తే ల్యాబు కాగితం "నార్మల్" అని చూపిస్తుంది. ఆమె ఒంట్లో ఉన్న కండకి ఆ 1.2 నార్మల్ కాకపోవచ్చు. అందుకే ఒట్టి క్రియాటినిన్ చూసి ఊపిరి పీల్చుకోవద్దు, ఈజీఎఫ్ఆర్ ఎంతో రాసివ్వమని అడగండి. అది కూడా ఎండిపోయిన ఒంటికి అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుందని డాక్టరుకి గుర్తు చేయండి. కోప్పడితే కోప్పడనివ్వండి.

ఎందుకు చెడుతున్నాయి కిడ్నీలు? దేశంలో ఎక్కువమందికి కారణం షుగర్, ఆ తర్వాత బీపీ. ఇది డబ్బున్నోడి జబ్బు అనుకునే రోజులు పోయాయి. రేషన్ బియ్యం మీద బతికే ఇళ్ళల్లో కూడా షుగర్ ఉంది, పరీక్ష చేయించక తెలియడం లేదు.

రెండోది నొప్పి మాత్రలు. దీని గురించి గట్టిగా చెప్పాలి. రోజంతా వంగి కలుపు తీసిన నడుముకి నొప్పి రాదా? వస్తుంది. పెద్ద డాక్టరు దగ్గరికి పోతే ఒక రోజు కూలి పోతుంది. వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఒక ఇంజెక్షన్, నాలుగు మాత్రలు, రాత్రికి నిద్ర. ఆ ఇంజెక్షన్ డైక్లోఫెనాక్. ఇలాంటి మందులు కిడ్నీకి రక్తం పోయే దారిని బిగిస్తాయి. ఎప్పుడో ఒకసారి అయితే తట్టుకుంటుంది. ఎండలో నీళ్ళు లేక ఎండిపోయిన ఒంటి మీద వారానికి మూడుసార్లు పడితే తట్టుకోదు. ఆర్ఎంపీని తిట్టడం నాకు ఇష్టం లేదు. వాడకి అర్ధరాత్రి వచ్చే డాక్టరు ఆయనొక్కడే. కానీ అడగండి: "ఇది పారాసిటమాలా, వేరేదా?" షుగర్, బీపీ, కిడ్నీ ఉన్నవాళ్ళకి నొప్పి ఇంజెక్షన్ వద్దని చెప్పండి. క్రియాటినిన్ దించుతామని ఫోన్లో వీడియోలు చేసే ఆకు మందులవాళ్ళ దగ్గరికి, సీసం పాదరసం కలిసిన భస్మాలు అమ్మేవాళ్ళ దగ్గరికి పోవద్దు. ఉన్న నాలుగు పైసలూ, మిగిలిన కిడ్నీ ముక్కా రెండూ అక్కడే పోతాయి.

మూడోది ఉద్దానం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి అందరూ వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం కింద ఇంటికొక కిడ్నీ రోగి. వీళ్ళల్లో చాలామందికి షుగర్ లేదు, బీపీ లేదు. మూత్రంలో నురగ కూడా పెద్దగా కనపడదు, మూత్రం పరీక్షలో దొరక్కుండా పోతుంది, రక్తం తీస్తేనే బయటపడుతుంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఒక్క మాటలో తేల్చలేదు. నీళ్ళల్లో సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండ దెబ్బ అన్నారు. ఇలాంటి జబ్బే శ్రీలంకలో అనురాధపురం వైపు వరి పండించే రైతుల్లో ఉంది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీల్లో ఉంది. మన ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో లంబాడీ కుటుంబాల్లో ఉంది.

ఉద్దానంలో పోతున్నది దళితులు మాత్రమే అని నేను అనను. మత్స్యకారులున్నారు, బీసీ రైతులున్నారు, మనవాళ్ళున్నారు. కానీ పైన చెప్పిన ఊళ్ళన్నీ వరసగా పెట్టి చూడండి. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్ళకి ఈ జబ్బు మందలు మందలుగా వచ్చిన ఊరు ఒక్కటి కనపడదు. ఎండలో ఒంటితో బతికేవాళ్ళకే వచ్చింది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో దీనికి మందు కనిపెట్టకముందే ఒక పని మొదలుపెట్టారు: నీళ్ళు, విశ్రాంతి, నీడ. కూలీకి చేను గట్టు మీదే మంచినీళ్ళు, గంట గంటకీ కాసేపు ఆగడం, ఆగినప్పుడు నిలబడ్డానికి ఒక గుడ్డ పందిరి. అంతే. దాంతోనే కిడ్నీ దెబ్బ తగ్గిందని పరిశోధనల్లో తేలింది.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం రాసినప్పుడే పనిచోట తాగునీరు, విశ్రాంతికి నీడ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలని అందులో రాశారు. మీ ఊరి ఉపాధి పనిలో పందిరి ఎన్నిసార్లు చూశారు? మే నెలలో చెరువు పూడిక తీసే చోట రెండు లీటర్ల సీసా ఇంటి నుంచి మోసుకుపోయి, అది పదిగంటలకే అయిపోయి, దాహంతో సాయంత్రం దాకా లాగించిన చెల్లెళ్ళు మనకి తెలుసు. ఇంకొకటి, ఆడవాళ్ళు కావాలనే నీళ్ళు తాగరు. తాగితే మూత్రానికి ఎక్కడికి పోవాలి? చుట్టూ మగవాళ్ళు, మేస్త్రీ. ఈ ఒక్క కారణంతో ఎన్ని కిడ్నీలు ఎండుతున్నాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

నీళ్ళు కులం లేకుండా పారవు. 1927లో బాబాసాహెబ్ మహాడ్ చెరువు దగ్గరికి వేలమందిని తీసుకుపోయింది మనుషులుగా ఆ నీళ్ళు తాగే హక్కు కోసం. ఇప్పుడు చెరువు దగ్గర ఎవరూ కొట్టకపోవచ్చు. ఊరికి పైపు ముందు, వాడకి బోరు తర్వాత. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల రూపాయలతో వంశధార నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబరులో ప్రారంభించారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా అప్పుడే వచ్చాయి. మంచిదే. ఎన్నేళ్ళు పోరాడితే, ఎంతమంది పోతే వచ్చిందో కూడా గుర్తుపెట్టుకుందాం.

ఇప్పుడు కంచం దగ్గరికి.

మా పెదనాన్న జీవితమంతా పాలేరుగా చేసి, ముసలితనంలో కౌలుకి అరెకరం చేసిన మనిషి. బీపీ ఉంది, ఎవరూ చూడలేదు. కాళ్ళు వాచాక తీసుకుపోతే క్రియాటినిన్ నాలుగు. ఆసుపత్రి పేరు అనవసరం. మాంసం, చేప, గుడ్డు, పప్పు అన్నీ బంద్ అన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. మానేశాడు. రెండేళ్ళకి డయాలసిస్ మొదలైంది. కాగితం మాత్రం పాతదే. డయాలసిస్ మొదలయ్యాక తిండి మారాలని ఒక్కళ్ళు చెప్పలేదు. బీరకాయ, అన్నం. ఏడాదిన్నరలో ఆయన చేతులు చిన్నపిల్లాడి చేతుల్లా అయిపోయాయి. బరువు కాటా మీద పెద్దగా తగ్గలేదు, ఎందుకంటే కండ పోయిన చోట నీరు చేరింది. వేరే ఊళ్ళో ఒక కుర్ర డ్యూటీ డాక్టరు చూసి, "పెద్దాయనా, నువ్వు రోజూ గుడ్డు తినాలి, చేప తినాలి" అన్నాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. "ముందు పెద్ద డాక్టరు వద్దన్నాడయ్యా" అన్నాడు. చివరిదాకా ముట్టలేదు.

అసలు లెక్క ఇది. డయాలసిస్ లేని దశలో, కిడ్నీ మీద బరువు తగ్గించడానికి ప్రొటీన్ తగ్గించమంటారు: కేజీ బరువుకి రోజుకి 0.6 నుంచి 0.8 గ్రాములు. యాభై కేజీల మనిషికి 30 నుంచి 40 గ్రాములు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. మిషన్ మీద నాలుగు గంటలు పడుకున్న ప్రతిసారీ రక్తంలోంచి ప్రొటీన్ ముక్కలు కూడా కొట్టుకుపోతాయి. అప్పుడు కేజీకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అదే మనిషికి 50 నుంచి 60 గ్రాములు. తినకపోతే ఒళ్ళు తన కండనే తింటుంది.

మొదటి దశ లెక్కలో కూడా ఒక తమాషా ఉంది. కూలి చేసే మనిషి రోజుకి 400 గ్రాముల బియ్యం తింటాడు. అందులోనే 28 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది. కాస్త పప్పు పడితే 35. అంటే ఆయనకి చెప్పిన హద్దులోనే ఉన్నాడు! రోజూ రెండు పూటలా మాంసం, పాలు, పనీరు, నెయ్యి పప్పు తినేవాడికి "తగ్గించు" అంటే అర్థముంది. ఆదివారం ఒక్క పూట పావుకిలో కూర ఇంటిల్లిపాదీ పంచుకునే చోట తగ్గించడానికి ఏముంది? ఆ ఆదివారం పప్పు మానేసి, రెండు మూడు ముక్కలు తినమని చెప్తే సరిపోతుంది. అలా చెప్పాలంటే ముందు "మీరు ఏం తింటారు?" అని అడగాలి. అడిగే డైటీషియన్లు ఉన్నారు, లేరనను. ఎక్కువమంది అడగరు. అడిగినా మనవాళ్ళు నిజం చెప్పరు.

ఎందుకు చెప్పరో మీకు తెలుసు. బీఫ్ తింటామని ఆసుపత్రి గదిలో గట్టిగా చెప్పగలమా? పక్క మంచం వాళ్ళు ముఖం తిప్పుకుంటారు, నర్సు ముక్కు చిట్లిస్తుంది. "చికెన్ అప్పుడప్పుడు" అని చెప్పి బయటపడతాం. డాక్టరు ఆ అబద్ధం మీద మందు రాస్తాడు. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిగినప్పుడు తిండి హక్కు గురించి ఎంతో మాట్లాడాం. డయాలసిస్ వార్డులో ఆ హక్కు గురించి ఎవరం మాట్లాడలేదు. అక్కడే అది ప్రాణం మీద పని.

నూరు గ్రాముల పచ్చి పెద్దకూరలో 20 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంది, చికెన్‌లోనూ చేపలోనూ దాదాపు అంతే. మటన్ మన చేతికందదు, పెద్దకూర అందుతుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి కొవ్వు తీసేసిన మెత్తటి ముక్కలు, తక్కువ ఉప్పుతో, రోజుకి 75 నుంచి 100 గ్రాములు పెట్టొచ్చా అని మీ డాక్టరుని నేరుగా అడగండి. పేరు పెట్టి అడగండి. దానితో కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగం కాగితం రాసినట్టే. కాలేజం, బోటి లాంటి వాటిల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, వాటికి దూరం. ఎండబెట్టిన తునకల్లో ఉప్పు పట్టించి ఉంటే అవీ వద్దు. ఎముకల రసం గిన్నెలకి గిన్నెలు తాగొద్దు, అది నీళ్ళ లెక్కలోకి వస్తుంది. గుడ్డు తెల్లసొన అన్నిటికంటే సులువు: ఒక్కోదానికి మూడున్నర గ్రాములు, ఫాస్ఫరస్ దాదాపు లేదు. మూడు తెల్లసొనలు ఉడకబెట్టి మిరియాల పొడి చల్లి పెట్టండి.

ఇక మన వంటింట్లో అసలు శత్రువు మాంసం కాదు. ఉప్పు. కూర లేని పూట పచ్చడి మెతుకులే మన కూర. చింతకాయ తొక్కు, గోంగూర పచ్చడి, ఎండు చేప, ఊరమిరపకాయ, అప్పడం. పేదరికం ఉప్పుతోనే అన్నం దించుతుంది. రోజుకి మొత్తం ఒక చిన్న చెంచా ఉప్పు, అంటే 5 గ్రాములు దాటకూడదు. పచ్చడి ఉన్న పూట కూరలో ఉప్పు వేయకండి. ఎండు చేప మానలేకపోతే రెండు మూడుసార్లు వేడినీళ్ళల్లో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండండి, అదీ ఎప్పుడో ఒకసారి. పులుపు, మిరియం, వెల్లుల్లి, జీలకర్ర పెంచితే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. సైంధవ లవణం మంచిదంటారు, అదీ ఉప్పే. బజారులో "లో సోడియం ఉప్పు" అని అమ్మేది ఇంకా ప్రమాదం. అందులో సోడియం తీసి పొటాషియం కలుపుతారు. కిడ్నీ రోగికి అది విషం లాంటిది.

పొటాషియం అంటే ఏంటో చెప్తా. గుండె కొట్టుకోవడానికి అది కావాలి, ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. బాగున్న కిడ్నీ ఎక్కువైంది బయటికి తోసేస్తుంది, చెడిన కిడ్నీ తొయ్యలేదు. రక్త పరీక్షలో 5.5 దాటితే జాగ్రత్త, 6 దాటితే పరుగెత్తాల్సిందే. ఉన్నట్టుండి కాళ్ళు సచ్చుబడటం, గుండె దడ వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. కొబ్బరి నీళ్ళల్లో పొటాషియం చాలా ఎక్కువ. మంచం పట్టిన మనిషిని చూడటానికి పోతూ నాలుగు బోండాలు కొనుకుపోతాం మనం! ఉద్దానంలో కొబ్బరిచెట్టు నీడలో కూర్చుని, ఆ కాయ తాగకూడని మనుషులున్నారు. అరటిపండు, చిలగడదుంప, బంగాళదుంప, టమాటా, ఆకుకూరలు కూడా లెక్కగా తినాలి. కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు తాళింపు పెడితే పొటాషియం చాలావరకు పోతుంది. మన పులుసు, చారు పద్ధతిలో ఆ నీళ్ళన్నీ కంచంలోకే వస్తాయి, అది మార్చుకోవాలి. అందరికీ పొటాషియం ఎక్కువ ఉండదు. మీ పరీక్షలో ఎంత ఉందో చూసుకుని మానండి, ఊరికే అన్నీ మానేసి నీరసపడొద్దు.

ఈ మధ్య సిరిధాన్యాల పిచ్చి ఒకటి పట్టింది. తెల్లన్నం తినేవాళ్ళని తక్కువగా చూడటం కూడా కొత్త అంటు. కిడ్నీ రోగి విషయంలో గంజి వార్చిన తెల్లన్నమే మేలు. ముడి ధాన్యాల్లో, రాగుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ తెల్లబియ్యం కంటే ఎక్కువ. ఫాస్ఫరస్ పెరిగితే దురద, ఎముకలు గుల్లబారడం. దాని కోసం ఇచ్చే మాత్ర అన్నం ముద్దల మధ్యే వేసుకోవాలి, పరగడుపున మింగితే దండగ. రంగు కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి బంద్.

నీళ్ళు: ముందు దశలో ఎండలో పనిచేసే మనిషి తాగాలి. డయాలసిస్‌కి వచ్చి మూత్రం తగ్గాక, నిన్న ఎంత మూత్రం వచ్చిందో దానికి అర లీటరు కలిపి అంతే తాగాలి. టీ, మజ్జిగ, గంజి, చారు అన్నీ అందులోకే. ఉప్పు తగ్గిస్తే దాహమూ తగ్గుతుంది.

వైద్యం గురించి త్వరగా చెప్తా. బీపీని, షుగర్‌ని హద్దులో ఉంచడం సగం వైద్యం. దపాగ్లిఫ్లోజిన్ అని షుగర్ మందు ఒకటుంది, షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందని తేలింది. పేటెంట్ అయిపోయి ధర బాగా పడింది, జనరిక్ దొరుకుతుంది. మీకు పనికొస్తుందేమో డాక్టరుని అడగండి. నాలుగో దశలో ఉన్నప్పుడే చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోండి. అది పండటానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఆలస్యం చేస్తే మెడలో గొట్టం పెడతారు, దానికి ఇన్ఫెక్షన్ భయం. ఫిస్టులా పెట్టబోయే చేతికి, మామూలుగా ఎడమ చెయ్యి, ఎవరినీ సూది గుచ్చనివ్వొద్దు, సెలైన్ ఎక్కించనివ్వొద్దు.

డయాలసిస్ ఉచితం. ఆరోగ్యశ్రీ ఉంది, 2016 నుంచి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ ఉంది. ఆంధ్రలో డయాలసిస్ రోగికి నెలకి 10,000 రూపాయల పెన్షన్, తెలంగాణలో 2,016. అదే మిషన్, అదే సూది, వాగు అవతల ఊరికీ ఇవతల ఊరికీ అయిదు రెట్లు తేడా. వారానికి మూడుసార్లు సెంటరుకి పోవాలి. రోగి కూలి పోయింది, వెంటపోయే మనిషి కూలీ పోయింది, ఆటో ఖర్చు. అందుకే మూడు రెండు అవుతుంది, రెండు ఒకటి అవుతుంది. "రోగి సహకరించలేదు" అని రాస్తారు. ఆటోకి డబ్బుల్లేక రాలేదని రాసే గడి ఆ ఫారంలో లేదు. మూడు రోజులకీ రానూ పోనూ బండి ఏర్పాటు చేయాలని మండలానికొక అర్జీ పెట్టడానికి మన సంఘాలకి ఏం అడ్డం?

కిడ్నీ మార్పిడి గురించి విడిగా రాయాలి. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోండి, వరుస పొడుగ్గా ఉంటుంది. ఒకటే గమనించండి. ఇంట్లో కిడ్నీ ఇచ్చేది తల్లి, లేదా భార్య. ఆమెకే అవసరమైతే ఇచ్చేవాళ్ళు కరువు. దీని మీద మన మగవాళ్ళు ఏమంటారో వినాలని ఉంది.

ఏప్రిల్ 14 వస్తోంది. డీజేలకి, ఫ్లెక్సీలకి ఒక్కో వాడలో ఎంత పోగవుతుందో మీకు తెలుసు. ఈసారి అందులో సగం పక్కన పెట్టి, ల్యాబు టెక్నీషియన్‌ని ఒకరిని పిలిపించి, ముప్పై దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్, క్రియాటినిన్, మూత్రం పరీక్ష చేయించే వాడలు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పేర్లు బయటపెట్టకుండా ఈజీఎఫ్ఆర్ ఎలా లెక్క కట్టాలో, ఎవరిని ముందు ఆసుపత్రికి పంపాలో సాయం చేసే డాక్టరు మిత్రులు ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. పరీక్షకి వచ్చేవాళ్ళు ముందు వారం ఏం తిన్నారో, పెద్దకూరతో సహా, ఒక కాగితం మీద రాసి తెమ్మనండి. వచ్చే భాగంలో ఆ కాగితాలు పెట్టుకుని మనమే ఒక చార్టు రాద్దాం, తెలుగులో.

జై భీమ్.